చెయ్యెత్తని మాస్టారు

గత నెలలో ఒక సంస్మరణ సంచిక ప్రూఫులు నా చేతికి వచ్చాయి. అరవై నాలుగు పుటలు. ఏక్‌బాల్‌పూర్ అనే బెంగాలీ రేవు పేటలోని తెలుగు బడిలో మాకు చదువు చెప్పి, తరువాత రెండు పర్యాయాలు లోక్‌సభ సభ్యుడిగా ఉండి, ఈ వేసవిలో తొంభై ఒకటో ఏట కన్నుమూసిన మా మాస్టారి జీవితం అందులో ఉంది. నేను ముప్పై ఎనిమిదేళ్లు గణాంకాల కార్యాలయంలో పనిచేసినదాన్ని కనుక తేదీలు సరిచూసే పని నాకు అప్పగించారు. సంచిక కార్యదర్శి హైదరాబాదు నుంచి బదిలీ మీద వచ్చిన బ్యాంకు ఉద్యోగి. "మేడం, మీరు తేదీలొక్కటి చూసియ్యండి, చాలు. మిగతాది మేం చూస్కుంటం" అన్నాడు.

తేదీలలో పదిహేడు తప్పులు, అంకెలలో నాలుగు దొరికాయి. అన్నీ దిద్దాను. ఇరవై మూడో పుటలో ఒక వాక్యం దగ్గర మాత్రం కలం ఆగిపోయింది. "పిల్లలపై దాడి చేయడానికి కొక్కెంతో బడిలోకి చొరబడిన దుండగుణ్ణి, చెయ్యెత్తకుండా, ఒట్టి చేతులతో నిలువరించి, నలభై రెండు మంది చిన్నారులను ప్రాణాలతో ఇళ్లకు చేర్చిన మహనీయుడు." ఈ వాక్యంలో సరైనది ఒక్క అంకె. ఆ అంకె కూడా నిజం మొత్తాన్ని చెప్పదు.

ఆ రోజు నేను అక్కడ ఉన్నాను. నాకు తొమ్మిదేళ్లు.

తేదీ వేయని కాగితం మీద నేను ఎన్నడూ సంతకం పెట్టలేదు. ఈ జ్ఞాపకంలో మాత్రం తేదీలు, పేర్లు వేయడం లేదు. వేస్తే, రేవు మలుపులో నిలబడిన ఒక స్తంభం మీది పేరును ఎవరైనా వెతికి పట్టుకుంటారు. ఆ పేరును ఇందులోకి లాగే హక్కు నాకు లేదు. తక్కిన కొలతలన్నీ నేను స్వయంగా వేసినవి.

మా ఇల్లు వరుస ఇళ్లలో ఏడోది. పొడవు పది అడుగులు, వెడల్పు తొమ్మిది. అయ్య రేవులో సరుకు ఎత్తే యంత్రం నడిపేవాడు. అమ్మ గోదాములో గోనె సంచులు కుట్టేది. వీధి మొత్తానికి తడిసిన జనపనార వాసన, దాని మీద బెల్లపు మడ్డి వాసన, మధ్యాహ్నమయ్యేసరికి ఎదుటి బెంగాలీ ఇళ్లలో ఆవనూనె కాగే వాసన. మా అమ్మ ఎండు చేపలు వేపితే ఎదుటింటి ముసలావిడ కిటికీ రెక్కలు ధడాలున మూసేది.

"కీ గంధో రే బాబా!"

"మీ ఇలీసు సేప కంపు మాకు మల్లెపూలేటి, దిదీ?" అని అమ్మ తెలుగులోనే జవాబు చెప్పేది. భాష అర్థం కాకపోయినా ఆవిడకు విషయం అర్థమయ్యేది. రెండు రోజులు మాటలుండేవి కావు. మూడో రోజు ఆవిడే మరమరాల గిన్నెతో వచ్చేది.

మా బడి ఒక రేకుల కొట్టం. ఒక పొడవాటి గది, దాని వెనుక పాలపొడి డబ్బాలుంచే చిన్న కొట్టు గది. వీధి వైపు ఒక తలుపు, సందు వైపు ఒక తలుపు. హాజరు పట్టీలో యాభై ఏడు పేర్లు. నాలుగు తరగతులకూ ఒకే మాస్టారు. బడి గంట అంటే చూరుకు వేలాడే రైలు పట్టా ముక్క. దాన్ని మోగించడానికి మూరెడు ఇనుప కడ్డీ ఒకటి ఉండేది.

మాస్టారు పిల్లలను కొట్టేవారు కారు. బెత్తం అనే వస్తువు ఆ బడిలో లేదు. ఆయన వేసే శిక్ష లెక్కపెట్టడం. అల్లరి చేసినవాడు బయటికి వెళ్లి చెప్పినదేదో లెక్కించి రావాలి: రేకు మీది మేకులు, ఒక గంటలో వీధి దాటిన ఎడ్లబళ్లు, ఎదుటి గోడలో ఊడిన ఇటుకలు. ఒకసారి నేనూ నా నేస్తమూ పాలపొడి డబ్బాలో తడివేలు ముంచి నాకుతూ దొరికిపోయాము. పొడి అంగుట్లో ముద్దకట్టి ఆయన అడిగినదానికి నోరు పెగల్లేదు. వీధిలోని కిటికీలు లెక్కపెట్టి రమ్మన్నారు. తిరిగి వచ్చి నూట పద్దెనిమిది అన్నాము.

"తెరిచినవెన్ని? మూసినవెన్ని?"

చూడలేదన్నాము.

"మళ్లీ వెళ్లండి. సగం తెరిచినవి వేరే రాయండి."

ఈ శిక్షలే నా వృత్తికి పునాది అని తరువాత పదవీ విరమణ సభలో చెప్పాను. అందరూ నవ్వారు.

నా నేస్తం వాళ్ల ఇల్లు రేవు వైపు వీధిలో. వాళ్ల అయ్య ఓడల్లోంచి మూటలు దించే జట్టులో పనివాడు. ఆ జట్టువాళ్లందరికీ మూటను గుచ్చి లాగడానికి ఒక ఇనుప కొక్కెం ఉండేది. పనిలోనూ, పని అయ్యాక టీ కొట్టులోనూ అది భుజానికే వేలాడేది. అతను బాగా పొడుగు. మా కొట్టం గుమ్మంలోకి రావాలంటే మెడ వంచాలి. సాయంత్రం కూతురిని తీసుకువెళ్లడానికి వచ్చి, కాగితపు పొట్లంలో మరమరాలు, పచ్చిమిరపకాయ తెచ్చి ఇద్దరికీ పంచేవాడు. నన్ను కోడలా అని పిలిచేవాడు. నేను మావా అనేదాన్ని.

"ఓలె కోడలా, పన్నెండో ఎక్కం వొచ్చిందేటి?"

"వొచ్చింది మావా."

"అయితే సెప్పు, పన్నెండు తొమ్మిదులు?"

"నూట ఎనిమిది."

"నిజిమేనా? నాకేటి తెలుస్తాది, నువ్వు ఏది సెప్తే అదే నిజిం" అని పగలబడి నవ్వేవాడు. చదువు రాదు. పెట్టెల మీది అంకెలు మా చేత చదివించుకొని మరునాడు తన జట్టులో తానే చదివినట్టు చెప్పుకునేవాడట.

ఆ ఏడు వానలు వెనకబట్టిన తరువాత రేవులో రెండు సంఘాల మధ్య తగవు మొదలయింది. మా వీధివాళ్లది ఒక జెండా, రేవు వైపు వీధివాళ్లది ఇంకొకటి. మావాళ్లు పని ఆపాలన్నారు, వాళ్లు ఆపేది లేదన్నారు. కారణం ఇంతే. రెండు వారాలలో అది కర్రల నుంచి కత్తులకూ, కత్తుల నుంచి నాటుబాంబులకూ వచ్చింది. సుతిలి తాడు చుట్టి లోపల మేకులు పెట్టిన బాంబులు. వాటిని అందరూ పెటో అనేవారు. కుళాయి దగ్గర ఆడవాళ్ల మాటలు మారిపోయాయి.

"ఇయ్యాల ఎంతమందికట?"

"ముగ్గురికట. ఒకడికి మోసెయ్యి కాడికి పోనాది."

"మనోళ్లా, ఆళ్లా?"

"సెయ్యి దొరికింది గాని, మనిసి దొరకలేదు. ఎవులోళ్లో ఏటి సెప్తాం?"

ఒక ఉదయం మూడో ఇంటి కప్పు మీద కాకులు పోట్లాడుకుంటుంటే నేను నిచ్చెన ఎక్కి చూశాను. రెండు వేళ్లు. ఒకదానికి రాగి ఉంగరం ఉంది. బాంబు చుడుతుండగా పేలిందట. ఆ వారంలోనే మా అయ్య తల పగిలి వచ్చాడు. అమ్మ పసుపూ సున్నమూ కూరి గుడ్డ కట్టింది. నెత్తురు ఆగకపోతే బెంగాలీ హోమియో డాక్టరు ఎనిమిది కుట్లు వేశాడు. హోమియో డాక్టరు కుట్లు వేయవచ్చునా అని ఆనాడు ఎవరూ అడగలేదు. కుట్టేటప్పుడు అయ్య పళ్ల మధ్య పెట్టుకున్న చెప్పుతోలు మీద పంటిగాట్లు పడ్డాయి. ఆ ముక్క చాలాకాలం మా ఇంట్లో ఉండేది.

మా తమ్ముడికి అప్పుడు మూడేళ్లు. అమ్మ వాణ్ణి వెంటబెట్టుకొని గోదాముకు వెళ్లేది. ఆ దారిలో బాంబులు పడడం మొదలయ్యాక వాణ్ణి నా చంకకు ఎక్కించింది.

"బడికి అట్టుకెల్లి నీ పక్కన తొంగోబెట్టుకో. మాస్టారికి సెప్పు."

మాస్టారికి చెప్పడం కుదరదు. అంతకు ముందు పాలపొడి తనిఖీకి వచ్చిన అధికారి పట్టీలో ఉన్న పేర్లకంటే బడిలో నాలుగు తలలు ఎక్కువ ఉన్నాయని సంజాయిషీ అడిగాడు. ఆ రోజు నుంచి పట్టీలో లేని బిడ్డ గడప దాటరాదని ఆయన నియమం పెట్టారు. అక్కల చంకలో వచ్చిన పసివాళ్లందరినీ వెనక్కి పంపేవారు. వాళ్లతో పాటు ఆ అక్కలూ వెళ్లిపోవలసి వచ్చేది. నాకు బడి పోవడం ఇష్టం లేదు. సందు వైపు తలుపులోంచి వాణ్ణి కొట్టు గదిలోకి చేర్చి, ఖాళీ సంచుల మీద పడుకోబెట్టి, నోట్లో ఇంత పాలపొడి వేసేదాన్ని. వాడు చప్పరిస్తూ నిద్రపోయేవాడు. నా నేస్తానికి కూడా చెప్పలేదు. అప్పటికి వాళ్ల జెండా వేరు కదా.

అలా పదకొండు రోజులు జరిగింది.

పన్నెండో రోజు పదమూడో ఎక్కం సగంలో ఉండగా మొదటి బాంబు రేవు ద్వారం దగ్గర పడింది. రెండోది టీ కొట్టు దగ్గర. మూడోది మా వీధి మొదట్లోనే. రేకుల మీద మేకులు వడగళ్లలా రాలాయి. మాస్టారు బయటికి వెళ్లి గంట కొట్టి, ఆ కడ్డీతోనే లోపలికి వచ్చారు.

"హాజరు తీసుకుంటాను. పేరు పిలవగానే పలకండి. ఏడ్చేవాళ్లు ముందు పలికి ఆ తర్వాత ఏడవండి."

యాభై ఏడు పేర్లూ చదివారు. నలభై రెండు గొంతులు పలికాయి. నా పేరు వచ్చినప్పుడు "హాజరు" అన్నాను. ఇంకొక్క మాట కలిపితే సరిపోయేది. పట్టీలోంచి నా పేరు కొట్టేస్తారనే భయం బాంబుల భయం కంటే పెద్దదయింది. ఒక గంటలో తిరిగి వస్తాము, వాడు లేవకముందే వస్తాము అని నాకు నేను చెప్పుకున్నాను.

ఇద్దరిద్దరం చేతులు పట్టుకొని సందు తలుపులోంచి బయటపడ్డాము. నా చెయ్యి నా నేస్తం చేతిలో ఉంది. మాస్టారు ముందు, కడ్డీ ఆయన కుడిచేతిలో. మలుపు దగ్గర మురుగు కాలువలో ఒక మనిషి బోర్లా పడి ఉన్నాడు. అతని వీపు మీద చొక్కా ఇంకా కాలుతూ ఉంది. "కుడివైపు చూడొద్దు. అడుగులు లెక్కపెట్టుకోండి" అన్నారు మాస్టారు. అందరం గొణుగుతూ లెక్కపెట్టాము. హోమియో డాక్టరు ఇంటి పెరడు వరకు నా అడుగులు ఆరువందల పదకొండు.

పెరట్లో ఆయన మళ్లీ పట్టీ విప్పారు. నలభై రెండు. "సరిపోయింది" అని మెట్టు మీద కూర్చొని కళ్లద్దాలు తుడుచుకున్నారు. ఆ ముఖంలోని నెమ్మదిని చూశాక గాని నాకు ఏడుపు రాలేదు. వెళ్లి ఆయన మోకాలు పట్టుకొని, తమ్ముడు కొట్టు గదిలో ఉన్నాడని చెవిలో చెప్పాను. డాక్టరు గోడ గడియారం అప్పుడు పదకొండు దాటి నాలుగు నిమిషాలు చూపిస్తున్నది. మొదటి హాజరు నుంచి పంతొమ్మిది నిమిషాలు గడిచాయి.

ఆయన లేచి పరుగెత్తారు. కడ్డీ ఇంకా చేతిలోనే ఉంది. డాక్టరు నన్ను పట్టుకోబోతే విదిలించుకొని నేనూ పరుగెత్తాను. నేను వెనుక ఉన్నానని ఆయనకు తెలియదు.

వీధి వైపు తలుపు విరిగి వేలాడుతున్నది. గది నిండా పొగ. సందు తలుపు గడప మీద నేను నిలబడి చూస్తున్నాను. కొట్టు గదిలోంచి ఒక మనిషి మెడ వంచి బయటికి వచ్చాడు. వీపు మా వైపు. కుడి భుజాన కొక్కెం. ఎడమ చంకలో ఎర్రటి గంచా తువ్వాలులో చుట్టిన మూట. ఆ మూటలోంచి చిన్న పాదం ఒకటి వేలాడుతున్నది. మాస్టారు రెండంగల్లో అతని దగ్గరకు చేరారు. అతను తిరిగాడు, నోరు తెరిచి ఏదో అన్నాడు. కడ్డీ అతని నెత్తి మీద పడింది.

ఒకే దెబ్బ. రెండోది పడలేదు. ఎవరి ముందు ప్రమాణం చేసి చెప్పమన్నా చెబుతాను. ఆ శబ్దం తడిసిన గోనె మూటను నేల మీద వేసిన శబ్దం.

అతను ముందుకు పడవలసిన మనిషి. ఒళ్లు విరుచుకొని వెల్లకిలా పడ్డాడు. మా తమ్ముడు అతని ఛాతీ మీద పడ్డాడు. అప్పుడు పొగ కొంచెం తొలగింది, అతని ముఖం కనబడింది. అది నా నేస్తం వాళ్ల అయ్య. కూతురిని తీసుకువెళ్లడానికి వచ్చాడు. బడి ఖాళీగా ఉంటే కొట్టు గది వెతికాడు. దొరికిన బిడ్డను వదిలి వెళ్లలేదు. కొక్కెం ఎప్పటిలాగే భుజానికి వేలాడుతున్నది. కుడిచెయ్యి ఖాళీ.

మాస్టారు మోకాళ్ల మీద కూలబడ్డారు. "నాయనా, నాయనా" అంటున్నారు. తమ్ముడి చుట్టూ బిగిసిన వేళ్లను ఒక్కొక్కటిగా విప్పవలసి వచ్చింది. అతని చెవిలోంచి నెత్తురు సన్నగా వస్తున్నది, కళ్లు తెరిచే ఉన్నాయి. ఇంతలో కప్పు మీద ఇంకొక బాంబు పడి పాలపొడి డబ్బాలకు నిప్పంటుకుంది. కాలిన పాల వాసన. ఆయన తమ్ముణ్ణి ఎత్తుకొని లేచారు. గడపలో నన్ను చూశారు. "పద" అన్నారు. అతన్ని అక్కడే వదిలేసి వచ్చాము.

మలుపు దగ్గర ఆగి, తమ్ముణ్ణి నా చంకకు ఎక్కించి, నా ముఖం చూడకుండా అన్నారు: "వీడు మొదట్నుంచీ నీతోనే ఉన్నాడు తల్లీ. నేనే లెక్కలో వేసుకోలేదు."

ఆయన నోట నేను విన్న మొదటి తప్పు లెక్క అది.

పోలీసులు వచ్చాక బడిలో ఒక మనిషి పడి ఉన్నాడని ఆయనే వెళ్లి చెప్పారు. మావ మూడు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు, మాట్లాడలేదు. మూడు రోజులూ మాస్టారు ఆ వరండాలోనే ఉన్నారని అందరూ గొప్పగా చెప్పుకున్నారు. అతను పోయాక వాళ్ల సంఘం స్తంభం కట్టి అమరుడని చెక్కింది. మా వీధిలో మాత్రం వేరే కథ నిలబడింది. కొక్కెం పట్టుకొని పిల్లల మీదికి వెళ్లాడు, ఎవరో అడ్డుపడి కొట్టారు. ఎవరో ఎవరికీ తెలియదు. స్తంభం దగ్గర మాట్లాడమంటే రెండు సంఘాలూ ఒప్పుకున్న మనిషి మాస్టారు ఒక్కరే. ఆయన నాలుగు వాక్యాలు మాట్లాడారు. "పిల్లలందరూ ఇల్లు చేరారు. ఇతనొక్కడు చేరలేదు. ఇంకెవరూ చేరకుండా ఉండకూడదు. చాలు." ఆ వారం బాంబులు ఆగాయి. ఆయన రాజకీయ జీవితం ఆ నాలుగు వాక్యాలతో మొదలయిందని సంచికలో రాశారు. అది నిజం.

బడి మళ్లీ తెరిచాక నా నేస్తం వచ్చి ఎప్పటి బెంచీ మీద, ఎప్పటి చోట కూర్చుంది. అంతకు ముందు రాత్రి అమ్మ నాకు చెప్పింది: "ఆ గుంట పక్కన కూకోకే. ఆళ్ల అయ్య పిల్లల్ని సంపడానికి ఎల్లినోడు." నేను వేరే బెంచీకి వెళ్లాను. అందరికంటే ముందు వెళ్లినది నేనే. పది రోజులకు ఆ బెంచీ మీద ఆమె ఒక్కతే మిగిలింది. నెల తిరగకముందే బడి మానేసి సంచులు కుట్టడానికి వెళ్లిపోయింది.

నాకు ఉద్యోగం వచ్చిన ఏడు, ఒక ఆదివారం మధ్యాహ్నం మాస్టారు మా ఇంటికి వచ్చారు. అప్పటికి సంఘం నాయకుడు, పురపాలక సభ్యుడు. కొక్కెం మనిషిని చెయ్యెత్తకుండా ఆపింది ఆయనేనని మా వీధి కథ అప్పటికి పెరిగింది, గోడల నిండా 'చెయ్యెత్తని మాస్టారు' అని రాతలు. వెనుక పంచలో తమ్ముడు ఎండు చేపల పులుసుతో అన్నం తింటున్నాడు.

"రేపు లోక్‌సభకి నామినేషన్. నువ్వు వద్దంటే వెయ్యను తల్లీ."

"గోడల మీద అలా రాస్తుంటే మీరు ఊరుకున్నారు."

"ఊరుకున్నాను."

"మావ పిల్లల మీదికి వచ్చాడంటున్నారు. అదైనా కాదని చెప్పొచ్చు కదా, మాస్టారూ."

"చెప్తే, మరి ఎందుకొచ్చాడు, ఎవరు కొట్టారు అని అడుగుతారు. నేనేనని చెప్పి జైలుకెళ్లడానికి నాకు భయం లేదు. వాళ్ల మనిషిని మాస్టారు చంపాడు, మాస్టారు ఫలానా వీధివాడు అని తెలిసిన పూట ఎంతమంది పోతారో నువ్వే లెక్కెయ్యి. నాకంటే నీకు బాగా వచ్చు."

నేను నిజంగానే లెక్క వేశాను. రెండు వీధుల ఇళ్లు, ఇంటికి ఇద్దరు మగవాళ్లు. వెనుక పంచలో తమ్ముడు ఇంకొంచెం అన్నం పెట్టమని కేకవేశాడు. "వెయ్యండి" అన్నాను. నా లెక్కలో ఒక మనిషిని వేసుకోలేదని, ఆమె రేవు వైపు వీధిలో ఒంటరిగా సంచులు కుడుతున్నదని ఆ పూట నాకు తట్టలేదు. తట్టలేదని రాయడం కూడా పూర్తి నిజం కాదు. తట్టింది, పక్కకు నెట్టాను.

పార్లమెంటులో ఆయన మంచి పని చేశారు. రేవులో యంత్రాల కింద పడినవారి గురించి, గోదాముల్లో ఆడవాళ్ల ఊపిరితిత్తుల గురించి అడిగిన ప్రశ్నలన్నీ నేను చదివాను. అంకెలన్నీ సరైనవి. మూడోసారి ఓడిపోయాక ఏక్‌బాల్‌పూర్‌కే తిరిగి వచ్చారు. వీధిలో కనబడితే నా తమ్ముడి ఆరోగ్యం అడిగేవారు. ఇంకేమీ మాట్లాడుకునేవాళ్లం కాము.

ఇరవై మూడో పుట గురించి కార్యదర్శికి ఫోను చేశాను.

"ఈ వాక్యం తప్పు. తీసేయండి."

"మేడం, అది అందరికి తెల్సిన ముచ్చటే కద?"

"అందరికీ తెలిసింది జరగలేదు."

"ఆధారం ఏమన్న ఉన్నదా మేడం?"

జీవితమంతా నేను ఇతరులను అడిగిన ప్రశ్న అది. "ఆధారం నేనే" అన్నాను. "రాసియ్యండి మేడం, కమిటీ ముందు పెడత" అన్నాడు.

రాశాను. మొదట తమ్ముడికి చదివి వినిపించాను. లిలువా రైల్వే కార్ఖానాలో పనిచేసి రిటైరయిన మనిషి. విని, లేచి వెళ్లి, కుళాయి కింద తల పెట్టి చాలాసేపు నిలబడ్డాడు. కమిటీ కంటే ముందు వినవలసినవారు ఇంకొకరు ఉన్నారు.

రేవు వైపు వీధిలో ఆమె ఇప్పటికీ ఆ ఇంట్లోనే ఉంది. చూపు తగ్గింది. నులక మంచం మీద కూర్చొని చింతపండు గింజలు తీస్తున్నది.

"ఎవులది? ఓలమ్మ, ఆఫీసరమ్మే! జనాబా లెక్కకొచ్చినావేటి? ఈ ఇంట్లో ఒక్కదాన్నే, రాసీసుకో."

"ఒకటి చదివి వినిపించాలి. మీ అయ్య గురించి."

"సదువు. స్తంభం కాడ ఏటేటా సదివిందేనా?"

"కాదు."

మొదటి నుంచి చదివాను. పాలపొడి దగ్గర నవ్వింది. తమ్ముడిని సంచుల మీద పడుకోబెట్టిన దగ్గర చింతపండు పక్కన పెట్టింది. ఆ తరువాత నేను ముఖం ఎత్తలేదు. బెంచీ మారిన చోటుకు వచ్చేసరికి ఆమె లేచి నా ఎడమ చెంప మీద కొట్టింది. బలంగానే కొట్టింది. కళ్లద్దాలు మంచం కిందికి పోయాయి. పెదవి పంటికి తగిలి చిట్లింది.

"నానేటి అడిగినానే నిన్ను? పక్కన కూకోమన్నాను. అంతే కదే! మా అయ్య పిల్లల్ని సంపబోయినాడనీసి, రాససుడి కూతురిననీసి, ఈ ఈదిలో ముసలిదాన్నయిపోనాను. నువ్వు సూసినావు. అన్నీ సూసినావు."

"చూశాను."

ఆమే వంగి, తడిమి, అద్దాలు తీసి నా ఒడిలో పడేసింది.

"నోరు తెరిసినాడని సదివినావు. ఏటన్నాడు?"

దాన్ని నేను కాగితం మీద పెట్టలేదు. "మెల్లగా మాస్టారూ, పిల్లాడు నిద్రపోతున్నాడు అన్నాడు."

"మా అయ్య అలగనడు." ఆమె కళ్లు మూసుకొని వెతుక్కుంది. "మెల్లగా మాస్టారూ, గుంటడు తొంగున్నాడు. అలగ అనుంటాడు. రాయి."

అలాగే అన్నాడు. నా చెవిలో ఇన్నేళ్లుగా ఉన్నది అదే, నేనే దాన్ని పుస్తకాల తెలుగులోకి మార్చుకున్నాను. ఆమె మంచం మీదే కాగితం పెట్టి రాశాను. రాసినంతసేపూ ఆమె నా భుజం పట్టుకొని నిలబడింది. తరువాత గోడను తాకుతూ వెళ్లి, వీధి తలుపు రెండు రెక్కలూ బార్లా తీసింది.

"ఇప్పుడు మొదట్నుంచి సదువు. గట్టిగా సదువు. ఈదంతా ఇనాల."

ఆ వీధిలో ఇప్పుడు తెలుగు తెలిసిన ఇళ్లు నాలుగే ఉన్నాయి. నాలుగో ఇంటికి వినపడేంత గట్టిగా చదివాను.